అనుమతి వస్తేనే పేలే తుపాకీ: 'సైకో-పాస్' మొదటి 5 ఎపిసోడ్లు

ఈ జపాన్ అనిమే (బొమ్మల) సిరీస్‌లో ముందు చూడాల్సింది హీరోని కాదు, తుపాకీని. దాని పేరు డామినేటర్. పోలీసు పిడి పట్టుకోగానే అది ముందుగా పట్టుకున్నదెవరో చూసుకుంటుంది. పేరేంటి, ఏ విభాగం, వాడే హక్కుందా లేదా, అన్నీ సరిపోయాకే మేలుకుంటుంది. అప్పుడు ఎదుటి మనిషి వైపు తిప్పితే వాడి మనసుని కొలిచి ఓ అంకె చెబుతుంది. అంకె 100 లోపుంటే ట్రిగ్గర్‌కి తాళం పడిపోతుంది, వేలు నొప్పెట్టేదాకా నొక్కినా పేలదు. 100 నుంచి 299 దాకా ఉంటే ఒళ్ళు మొద్దుబారి పడిపోయే దెబ్బ. 300 చేరిందంటే తుపాకీ దానంతటదే విచ్చుకుని రూపం మార్చుకుంటుంది. ఆ దెబ్బ తిన్న మనిషి లోపల్నించి పొంగి పగిలిపోతాడు. యంత్రాల్లాంటి వాటిని చెంచాతో గీకేసినట్టు మాయం చేసే ఇంకో మోడ్ కూడా ఉంది. దానితో పని మూడో ఎపిసోడ్‌లో పడుతుంది.

"ఏటి బావూ, పోలీసోడు తుపాకీని పర్మిషన్ అడగడమేటి?" అనిపించిందంటే మీరు సరైన చోటే మొదలెట్టారు. సిరీస్ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. విజయనగరంలో సిరిమాను తిరిగే రోజు మూడు లాంతర్ల దగ్గర బందోబస్తుకి నిలబడ్డ ఎస్సైని ఊహించుకోండి. అమ్మవారి గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరిగేలోపు ఎన్నో తోపులాటలు జరుగుతాయి. ఎవడు తాగొచ్చాడు, ఎవడు జేబులు కొట్టడానికొచ్చాడు, ఎవడు తప్పిపోయిన పిల్లకోసం పిచ్చెక్కినట్టు పరిగెడుతున్నాడు, ఇవన్నీ ఆయన మొహాలు చూసే తేల్చుకోవాలి. లాఠీ ఎత్తాలా, భుజం మీద చెయ్యేసి పక్కకి తియ్యాలా అన్నది ఆయన బుర్రలో జరిగే పని. 'సైకో-పాస్' ఆ పనిని ఆయన బుర్రలోంచి తీసి తుపాకీ పిడిలో పెట్టింది. ఇక ఆయన దగ్గర మిగిలిందేంటి అన్నది కథ.

ముందు పుట్టుపూర్వోత్తరాలు. జపాన్‌లో 2012 అక్టోబర్ నుంచి 2013 మార్చి దాకా, పెద్దవాళ్ళ కోసం అర్ధరాత్రి వచ్చే టీవీ స్లాట్‌లో 22 ఎపిసోడ్లుగా వచ్చింది మొదటి సీజన్. తీసింది ప్రొడక్షన్ ఐ.జీ. స్టూడియో. దర్శకుడు నయోయోషి షియోతాని, ఆయన పైన ముఖ్య దర్శకుడు కత్సుయుకి మోటోహిరో, కథ గెన్ ఉరొబుచి. మోటోహిరో మనుషులు నటించే పోలీసు డ్రామాల నుంచి వచ్చినవాడు, ఆ వాసన ఇక్కడ బాగా కొడుతుంది. షూటౌట్ అయిపోగానే ఎగిరి గంతులెయ్యరు, రిపోర్టు రాయమంటారు. ఉరొబుచికి మాత్రం పాత్రల్ని ప్రేమగా పెంచి తర్వాత నలిపేసే అలవాటుందని అనిమే చూసేవాళ్ళకి తెలుసు. ఎవరి మీదా మరీ మమకారం పెంచుకోకండి.

కథాకాలం 2112, స్థలం టోక్యో. సిబిల్ అనే వ్యవస్థ ప్రతి మనిషి మనసునీ కొలుస్తూ ఉంటుంది. ఆ కొలతకే సైకో-పాస్ అని పేరు. జపనీస్ లిపిలో ఈ మాటనీ, సైకోపాత్ అనే మాటనీ ఒకేలా రాస్తారు, ఒకేలా పలుకుతారు. టైటిల్‌లోనే చిన్న చురక పెట్టారన్నమాట. ఇంగ్లిష్ అక్షరాల్లో చూసేవాళ్ళకి ఇది తట్టదు.

ఈ కొలతలో రెండు భాగాలున్నాయి. వీటిని కలిపేసుకుంటే మొదటి రెండు ఎపిసోడ్లూ అయోమయంగా పోతాయి. ఒకటి రంగు. వీధి స్కానర్లు పట్టేది దీన్నే. మనసు తేటగా ఉంటే లేత రంగు, ఒత్తిడి పెరిగేకొద్దీ ముదురు. జపనీస్‌లో ఇది 'మురికెక్కింది' అనడానికి నీళ్ళు కలకబారడానికి వాడే మాటే వాడతారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ దాన్ని మబ్బు పట్టడంగా మార్చింది. తెలుగులో 'కలక' అన్న మాట మనకి సిద్ధంగా ఉంది, చూసేటప్పుడు అదే పెట్టుకోండి, అర్థం సరిగ్గా దిగుతుంది. వానాకాలం నాగావళి నీళ్ళు చూసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. రెండోది నేర గుణకం, అంటే డామినేటర్ చెప్పే అంకె. రంగు కలకబారితే అనుమానం, అంకె 100 దాటితే తీర్పు. అలా దాటినవాళ్ళని ఏ నేరమూ చెయ్యకపోయినా నేరస్థుల కిందే లెక్కగట్టి బంధిస్తారు. సబ్‌టైటిల్స్‌లో వీళ్ళని లేటెంట్ క్రిమినల్స్ అంటారు. విత్తనం దశలోనే పీకేసిన కలుపు అనుకోండి.

ఇంకో మాట విషయంలో సబ్‌టైటిల్ మనవాళ్ళని బాగా తప్పుదారి పట్టిస్తుంది. కథానాయిక అకానే సునెమోరిని ఇన్‌స్పెక్టర్ అని రాశారు. మనకి ఇన్‌స్పెక్టర్ అంటే సీఐ గారు, స్టేషన్, జీపు. జపనీస్‌లో ఆమె హోదా 'కన్షికన్'. అంటే కనిపెట్టుకుని ఉండే అధికారి. ఎవర్ని కనిపెట్టాలి? దొంగల్ని కాదు, తన కిందున్నవాళ్ళని. ఎందుకంటే ఆమె కింద పనిచేసే ఎన్‌ఫోర్సర్లందరూ అంకె 100 దాటినవాళ్ళే. నేరస్థుడి బుర్ర నేరస్థుడికే తెలుస్తుందని, వాళ్ళని బోనులోంచి తీసి వేటకి వదులుతారు. మూసేసిన వ్యానులో తీసుకొస్తారు, పనయ్యాక మళ్ళీ అందులోనే తీసుకుపోతారు. మొదటి రోజు డ్యూటీకొచ్చిన అకానేతో ఆమె సీనియర్ గినోజా చెప్పే తొలి పాఠం కూడా ఇదే: వీళ్ళు మనుషులనుకోకు, వేటకుక్కలనుకో. ఈ సంబంధం ముందే తెలిస్తే వాన కురిసే ఆ మొదటి సీన్‌లో ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడ్డారో కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు మొదటి ఎపిసోడ్. సిరీస్ చూడాలా వద్దా అన్నది దీని చివరి ఐదారు నిమిషాలే తేల్చేస్తాయి, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వద్దనుకునేవాళ్ళు కింది రెండు పేరాలూ దాటెయ్యండి.

ఒకడు వీధి స్కానర్‌కి దొరుకుతాడు. పరీక్షకి రమ్మంటే పారిపోతూ దారిలో ఓ అమ్మాయిని లాక్కుపోతాడు. పోలీసులు పాడుబడ్డ కట్టడాల్లోకి దిగుతారు. ముసలి ఎన్‌ఫోర్సర్ మసాఒకా ముందు మొద్దుబారే దెబ్బ వేస్తాడు. వాడు ఏదో ఉత్తేజం మందు వేసుకుని ఉండటంతో అది పనిచెయ్యదు. ఈలోపు వాడి అంకె పెరిగిపోతుంది. ఇంకో ఎన్‌ఫోర్సర్ కోగామి తుపాకీ విచ్చుకుంటుంది. వాడు పగిలిపోతాడు, ఆ నెత్తురంతా పక్కనున్న అమ్మాయి మీద పడుతుంది. మామూలు సిరీస్ అయితే ఇక్కడ ఆమెకి దుప్పటి కప్పి అంబులెన్స్ ఎక్కించేవాళ్ళు.

ఇక్కడ అలా జరగదు. అప్పటిదాకా ఆమె పడ్డ బాధంతా ఆమె మనసుని కూడా కలకబార్చేసింది. తుపాకీ ఆమె వైపు తిరిగి అంకె చదువుతుంది. ఆమె ఇప్పుడు బాధితురాలు కాదు, లక్ష్యం. భయపడి పరిగెడుతుంది, ఇంధనం ఒలికిన నేల మీద లైటర్ పట్టుకుని నిలబడుతుంది. అంకె ఇంకా పెరుగుతుంది, కోగామి తుపాకీ మళ్ళీ విచ్చుకుంటుంది. తుపాకీ లెక్కలో ఏ పొరపాటూ లేదు, పోలీసు వాడటంలోనూ లేదు. అయినా మనకి గొంతులో ముద్ద అడ్డుపడుతుంది. అప్పుడు అకానే గురి మార్చి కోగామినే కాల్చేస్తుంది. ఎలా కాల్చగలిగింది? ఆమె తుపాకీ ఎందుకు ఒప్పుకుంది? కోగామి అంకె ఎప్పుడూ 100 పైనే కాబట్టి. తోటి అధికారి గినోజా అడ్డం నిలబడి ఉంటే ట్రిగ్గర్‌కి తాళం పడిపోయేది. రచయిత ఎన్‌ఫోర్సర్ల గురించి ఎపిసోడ్ మొదట్లో చెప్పిన నియమాన్నే ఇక్కడ తాళంచెవిగా వాడుకున్నాడు. తర్వాత అకానే ఆ అమ్మాయితో మాట్లాడుతూ శాంతింపజేస్తే అంకె నిజంగానే దిగుతుంది, చంపే మోడ్ నుంచి పడగొట్టే మోడ్‌కి. తుపాకీ తీర్పు రాతి మీద రాత కాదు, మాటతో మారుతుంది. ఇది ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు, తుపాకీ ఆకారం మారడంలోనే చూపిస్తారు. అందుకే ఈ ఎపిసోడ్ పదిసార్లు చూడదగ్గది.

నేర కథల్లో సైన్స్ ఫిక్షన్ సాధారణంగా ఎక్కడ చెడుతుందంటే, మొదట నియమాలు గట్టిగా చెప్పి, కథ ఇరుక్కోగానే వాటిని గాలికొదిలేస్తారు. కొత్త గ్యాడ్జెట్ ఒకటి సంచీలోంచి తీస్తారు. ఈ ఐదు ఎపిసోడ్లలో ఆ మోసం లేదు. ప్రతి కేసూ అదే పాత నియమంలో ఒక్కో చిల్లు వెతుకుతుంది. బాధితుల అంకె కూడా పెరిగితే ఏంటి? తుపాకీకి సిగ్నల్ అందకపోతే ఏంటి? స్కానర్ ముందు నిలబడేది అసలు మనిషే కాకపోతే ఏంటి? కొత్తగా చూసేవాళ్ళు ప్రతి ఎపిసోడ్ మొదట్లోనే "ఈసారి చిల్లు ఎక్కడ" అని వెతకండి, సగం సరదా అందులోనే ఉంది.

రెండో ఎపిసోడ్ నెమ్మది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. యాక్షన్ తక్కువ, మాటలు ఎక్కువ, ఓ షాపింగ్ మాల్‌లో చిన్న కేసు. కానీ ఉదయం సీన్ ఒకటి చూడండి. అకానే నిద్ర లేవగానే జెల్లీఫిష్ ఆకారంలో ఉండే ఇంటి సహాయకురాలు క్యాండీ ఆమె రంగు ఇవాళ ఎలా ఉందో చెబుతుంది, ఎన్ని కేలరీలు తినాలో లెక్క చెబుతుంది, గది గోడల్ని హోలోగ్రామ్‌తో మార్చేస్తుంది. నవ్వు మొహంతో జరిగే నిఘా ఇది. తర్వాత స్నేహితురాళ్ళతో ఉద్యోగాల కబుర్లు. ఈ లోకంలో ఎవరు ఏ ఉద్యోగానికి పనికొస్తారో సిబిల్ మార్కులేసి చెప్పేస్తుంది. అకానేకి ఎన్నో చోట్ల నుంచి పిలుపొచ్చింది, ఆమె స్నేహితులకి అంత ఎంపిక లేదు. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియంలో తెల్లారకట్ల పరుగులు తీసి, ఆర్మీ కాకపోతే కానిస్టేబుల్, అది కాకపోతే రైల్వే అని వరసగా రాసుకుంటూ పోయే కుర్రాళ్ళు ఈ సీన్ దగ్గర కాస్త ఆగుతారు. ఐదోసారి రాయడమన్నదే లేని లోకం అది. పనికిరావని ఒక్కసారి తేలితే తేలినట్టే. హాయో, నరకమో మీరే చెప్పండి.

మూడో ఎపిసోడ్ నా లెక్కలో ఈ ఐదింట్లో గట్టిది. టోక్యో పశ్చిమాన హచియోజిలో డ్రోన్లు, అంటే మరయంత్రాలు తయారుచేసే కర్మాగారం. భద్రత కోసం దాన్ని బయటి నెట్‌వర్క్‌కి పూర్తిగా దూరంగా పెట్టారు. కార్మికులు లోపలే ఉంటారు, లోపలే తింటారు. లోపల వరసగా చావులు, అన్నీ యంత్ర ప్రమాదాలేనని మేనేజర్ మాట. ఇంతకీ డామినేటర్ తనంతట తాను ఆలోచించదు, సిబిల్‌తో మాట్లాడి చెబుతుంది. సిగ్నల్ లేని చోట అది ఇనప ముక్క. మన్యం వైపు ఘాట్ ఎక్కాక చేతిలో ఫోనుండీ కొట్టువాడికి డబ్బు కొట్టలేని పరిస్థితి తెలుసు కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ పోయేది చిల్లర కాదు, ప్రాణం.

ఈ కేసులో అసలు విషయం యంత్రం కాదు, డైనింగ్ హాలు. అక్కడ ఒకణ్ణి అందరూ కలిసి ఏడిపిస్తుంటారు. ప్లేటు తోసేస్తారు, నవ్వుతారు. మేనేజర్ చూస్తూ ఊరుకుంటాడు. ఎందుకని అడిగితే అతని జవాబు వినండి: ఇంటర్‌నెట్ లేదు, వినోదం లేదు, మిగతావాళ్ళ రంగు కలకబారకుండా ఉండాలంటే వాళ్ళకి ఒక ఆటబొమ్మ కావాలి. ఒకడు బలైతే మిగతా అందరి అంకెలూ శుభ్రంగా ఉంటాయి. లెక్క ప్రకారం మేనేజర్ మంచి మేనేజరే. జూట్ మిల్లుల ఊళ్ళో పుట్టి, షిఫ్ట్ గంట కొట్టాక గేటు దగ్గర టీ కొట్టులో ఎవరు ఎవర్ని ఏ పేరుపెట్టి ఏడిపిస్తారో విన్నవాళ్ళకి ఈ సీన్ విదేశీ కథలా అనిపించదు. నేరాన్ని కొలిచే లోకంలో హింసని కొలవలేకపోయారన్న మాట ఈ రెండు నిమిషాల్లోనే ఉంది.

చివర్లో కోగామి వేసే ఎత్తు పోలీసు పద్ధతి ప్రకారం ఘోరం. అనుమానితుణ్ణి కావాలని రెచ్చగొడతాడు. డ్రోన్లు మీదికొస్తే, సిగ్నల్ అందే చోటిదాకా వాటిని రప్పించుకోవాలి. మొదట చెప్పిన మూడో మోడ్ పనిచేసేది అప్పుడే. ఆ పరుగులో ఎన్ని మీటర్లు మిగిలాయో, తుపాకీ ఎప్పుడు మేలుకుంటుందో అన్న ఉత్కంఠ బాగా పండింది. నేల మీద నాలుగు కాళ్ళ యంత్రాలు జారే చప్పుడు హెడ్‌ఫోన్లో వినండి.

నాలుగు, ఐదు ఎపిసోడ్లు ఒకటే కేసు, రెండూ ఒకే విడతలో చూడాలి. ఇంటర్‌నెట్‌లో తాలిస్మాన్ అనే అవతారానికి (ఒక మనిషి వెనకుండి ఆడించే ఆన్‌లైన్ రూపానికి) బోలెడు అభిమానులు. దాన్ని నడిపే మనిషి చనిపోయి చాలా రోజులైంది, అవతారం మాత్రం ఇంకా జనంతో మాట్లాడుతూనే ఉంది. పైగా ముందుకంటే బాగా మాట్లాడుతోంది. అభిమానులకి ఫిర్యాదే లేదు. 2012లో రాసిన ఈ కేసుని, చనిపోయినవాళ్ళ గొంతులు కంప్యూటర్‌తో మళ్ళీ పలికిస్తున్న ఈ రోజుల్లో చూస్తే వింతగా ఒళ్ళు జలదరిస్తుంది. ముసుగులేసుకుని అందరూ కలిసే క్లబ్బు మీద పోలీసు దాడి సీన్‌లో అందరి ముసుగూ ఒక్కసారే ఒకటే అయిపోతుంది. చాలా చక్కటి ఆలోచన. కానీ బొమ్మల పనితనం అక్కడ కాస్త పల్చగా ఉంది. ఈ రెండు ఎపిసోడ్లలోనే గినోజాకీ, మసాఒకాకీ మధ్య ఏదో పాత లెక్క ఉందని చూచాయగా తెలుస్తుంది. గినోజా ఎందుకంత చిరాగ్గా ఉంటాడో గమనించి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గొంతుల గురించి. అకానేకి కనా హనజావా, కోగామికి తోమొకాజు సెకి, గినోజాకి కెంజి నొజిమా. అందరిలోకీ మసాఒకాకి పలికిన కిన్ర్యూ అరిమోతో గొంతు వేరే స్థాయి. ఎదుటివాణ్ణి నొప్పించకుండా తప్పు దిద్దే పాత హెడ్ కానిస్టేబుల్ గొంతది. కుర్ర ఎన్‌ఫోర్సర్ కగారి ఆయన్ని 'తొత్సాన్' అని పిలుస్తాడు. అందులో ఉన్న చనువు సబ్‌టైటిల్‌లో పూర్తిగా దిగదు. మన వైపు అయితే 'తాతా' అని కొంచెం ఎగతాళిగా, కొంచెం ప్రేమగా పిలిచినట్టు. ఇక డామినేటర్ గొంతు నొరికో హిదాకాది. ఆప్యాయతా లేదు, కోపమూ లేదు, స్టేషన్లో రైలు ఆలస్యమని ప్రకటించినంత మామూలుగా "ఈ మనిషిని చంపొచ్చు" అంటుంది. ఆ గొంతు తుపాకీ పట్టుకున్నవాడికే వినిపిస్తుందన్నది గుర్తుంచుకోండి. చావబోయేవాడికి తన అంకెంతో తెలీదు. సంగీతం యూగో కన్నో. ఓపెనింగ్ పాట మొదటిసారి చెవులు గీకినట్టుంటుంది, మూడోసారికి అలవాటవుతుంది. ఎండింగ్ పాట మాత్రం దాటెయ్యకండి.

లోపాలు లేవని కాదు. పాత్రలు ఒకరికొకరు అప్పటికే తెలిసిన సంగతుల్ని మన కోసం చెప్పుకుంటారు. రెండో ఎపిసోడ్‌లో ఇది మరీ ఎక్కువ. అకానే మొదట్లో ప్రతిదానికీ "అదేంటి?" అని అడిగే విద్యార్థిలా ఉంటుంది. పోలీసు శిక్షణ పూర్తి చేసుకుని వచ్చిన అమ్మాయికి తుపాకీ ఎలా పనిచేస్తుందో కూడా తెలియకపోతే ఎలా? విజయనగరం పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో డ్రిల్లు చేసొచ్చిన ఏ కుర్రాడైనా ఈ సీన్లకి నవ్వుతాడు. కునిజుకా అనే మహిళా ఎన్‌ఫోర్సర్‌కి ఐదు ఎపిసోడ్లలో చెప్పుకోదగ్గ పనే లేదు. హింస చూపించేటప్పుడు ఆడవాళ్ళ ఒంటి మీద కెమెరా అవసరానికి మించి నిలబడుతుంది, మొదటి ఎపిసోడ్‌లోనే ఆ ఇబ్బంది ఉంది. ఆరో ఎపిసోడ్ నుంచి పాత్రలు తత్వవేత్తల పేర్లు వల్లించడం మొదలెడతాయి. కొందరికి అదే రుచి, కొందరికి పంటి కింద రాయి.

పిల్లలతో చూసే సిరీస్ కాదు. బొమ్మలు కదా అని ఇంట్లో పెద్ద టీవీలో పెట్టేస్తే మొదటి ఎపిసోడ్ పద్దెనిమిదో నిమిషానికి రిమోట్ వెతుక్కోవాలి. 6 నుంచి 8 దాకా వచ్చే స్కూలు కేసు ఇంకా దారుణం, శవాల్ని బొమ్మల్లా నిలబెట్టే వ్యవహారం. భోజనం చేస్తూ చూడొద్దు.

చూసే పద్ధతి. ఒక్కో ఎపిసోడ్ 23 నిమిషాల దాకా ఉంటుంది. మొదటి పాట, చివరి పాట తలా నిమిషంన్నర. రెండూ వదిలేస్తే 20 నిమిషాలు మిగులుతుంది. 22 ఎపిసోడ్లకి పాటల వాటాయే గంటా ఆరు నిమిషాలు. పాటలు లేకుండా సీజన్ మొత్తం దాదాపు ఏడున్నర గంటలు. మొదటి రోజు 1, 2 కలిపి చూడండి. ఒకటి చూసి ఆపితే ఊపు వస్తుంది కానీ లోకం అర్థం కాదు, రెండోది విడిగా చూస్తే విసుగొస్తుంది. మర్నాడు 3 ఒక్కటే. ఆ తర్వాత 4, 5 జంట. ఐదు పూర్తయ్యాక కూడా "ఈ తుపాకీ చెప్పింది తప్పైతే ఎవరు చెబుతారు" అన్న ప్రశ్న మీ బుర్రలో తిరగకపోతే మిగతాది మీకు కాదు, సమయం దండగ చేసుకోకండి.

తెర చీకటి గురించి ముందే చెప్పాలి. సగం కథ వానలో, రాత్రిపూట, పాడుబడ్డ సందుల్లో నడుస్తుంది. ఆమదాలవలసలో పగటి రైలెక్కి కిటికీ పక్కన ఫోన్‌లో పెడితే మీకు కనిపించేది మీ మొహమే. రాత్రి బండి అయితే పర్లేదు. విశాఖ చేరేలోపు మూడు ఎపిసోడ్లు హాయిగా అవుతాయి, దారిలో సిగ్నల్ని నమ్ముకోకుండా ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. టీవీలో చూసేవాళ్ళు రంగులు ఎక్కువ చేసే వివిడ్ మోడ్ తీసేసి, సినిమా మోడ్ పెట్టి, వెలుగు కాస్త పెంచండి. వివిడ్‌లో హోలోగ్రామ్‌ల నీలం రంగు కొట్టొచ్చి, వాటి మీద తెల్ల సబ్‌టైటిల్ చదవడం కష్టమవుతుంది. సబ్‌టైటిల్ వేగం అందుకోలేనివాళ్ళకి ఇంగ్లిష్ డబ్బింగ్ ఉంది. కానీ తుపాకీ గొంతులోని ఆ చల్లదనం కోసం మొదటి ఎపిసోడ్ ఒక్కటైనా జపనీస్‌లో వినండి.

వెతికేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. మొదటి సీజన్‌నే 2014లో గంట గంట చొప్పున 11 ఎపిసోడ్లుగా కూర్చి, కొన్ని సీన్లు చేర్చి మళ్ళీ ప్రసారం చేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన రెండో సీజన్ కూడా 11 ఎపిసోడ్లే. రెండూ ఒకటనుకుని ఇందులోంచి అందులోకి దూకినవాళ్ళకి కథ తలకిందులవుతుంది. ఎపిసోడ్ నిడివి చూసుకోండి: 45 నిమిషాల దాకా ఉంటే మొదటి సీజన్ కొత్త కూర్పు, 23 ఉంటే రెండోది. రెండో సీజన్ వేరే స్టూడియో, వేరే రచయిత. ఆ తేడా తెలుస్తుంది, మొదటిది నచ్చిందని దాని మీద అంతే ఆశ పెట్టుకోకండి. 2019లో వచ్చిన మూడో సీజన్ ఎపిసోడ్లు కూడా 45 నిమిషాలవే కానీ మొత్తం 8. కొత్త మొహాలు కనిపిస్తే మీరు తప్పు తలుపు తట్టారని అర్థం.

ముందుకెళ్ళేవాళ్ళకి ఇంకో రెండు సంగతులు. 18వ ఎపిసోడ్‌లో బొమ్మలు టీవీలో వచ్చినప్పుడు ఘోరంగా ఉన్నాయి, తర్వాత డిస్కుల్లో దిద్దారు. మీరు చూసే చోట మొహాలు వంకరగా కనిపిస్తే అది మీ ఫోన్ తప్పు కాదు. 11వ ఎపిసోడ్ మాత్రం రాత్రి పడుకునేముందు పెట్టకండి. అది ఆగిన చోట వెంటనే 12 నొక్కాలనిపిస్తుంది, 12 చూస్తే కునిజుకా పాత కథలోకి వెళ్ళిపోతుంది, అసలు సంగతి 13 దాకా రాదు. మొదటి ఎపిసోడ్ తొలి నిమిషాల్లో ఇద్దరు మగవాళ్ళు ఎదురుపడే ముక్క ఒకటుంది, ఎవరో ఏంటో తెలియకుండానే అయిపోతుంది. 11 అయ్యాక ఆ ముక్క ఒక్కటీ వెనక్కెళ్ళి మళ్ళీ చూడండి, తెల్ల జుట్టువాడి నవ్వు ఈసారి వేరేగా కనిపిస్తుంది.